గోరింటాకు పండిన సోమవారం

సూళ్లూరుపేట,
జూలై 14

గురవక్కకు,

ఫోన్‌లో నీకు సగం మాటలే వినిపిస్తాయి. ఐసు మిషను పక్కన పద్నాలుగేళ్లు నిలబడిన చెవులవి. అందుకే కాగితం మీద రాసి రమణయ్యన్న బండిలో పంపుతున్నాను. ఆయన మంగళవారం, శుక్రవారం ఖాళీ పెట్టెలతో అటు వస్తాడు కాబట్టి నువ్వు కూడా జవాబు ఆయన చేతికే ఇవ్వు.

వెల్ఫేర్ ఆఫీసరు పోస్టు నాకే వచ్చింది. పేరుకు ఆఫీసరునే గానీ ఆరు నెలల దాకా ఖాయం కాదు. కంపెనీ మూడు యూనిట్లకూ నేనొక్కదాన్నే. కూర్చోవడం ఇక్కడి ఆఫీసులో, పనంతా అక్కడ మీ రొయ్యల ప్లాంటులో. స్టేషను వెనక వీధిలో గది తీసుకున్నాను. మద్రాసు బండి పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి.

నాకు అప్పజెప్పిన మొదటి పని ఇదీ. ప్లాంటులో నూట ఎనభై మంది ఆడవాళ్లున్నారు. సముద్రం మీద బతికే మన పట్టపోళ్లు, పొలాల నుంచి వచ్చేవాళ్లు, సాయిబుల ఆడవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, హాస్టల్లో ఉండే ఒడిశా పిల్లలు. వీళ్లందరూ మాది అనుకునే పండగ ఏడాదికి ఒక్క రోజైనా జరగాలట. పోయినేడు ఆయుధపూజ రోజు సగం మంది బయటే ఉండిపోయారని ఎవరో పైకి రాశారు. ఇది బాగా జరిగితే నా ఉద్యోగం ఖాయం చేస్తామని మేనేజరు విజయభాస్కర్ గారు చెప్పారు. జరక్కపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు రొయ్య తల తీయడం నేర్పింది నువ్వు. ఆ ప్లాంటులో ఏ బల్ల దగ్గర ఎవరు ఏమనుకుంటారో నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నీ సాయం లేకుండా ఈ పని కాదు.

నీ చెల్లెలు
రోజారమణి


జువ్వలదిన్నె,
జూలై 21

చెల్లెలు రోజారమణికి,

ఉత్తరం అందింది. సంతోషం. మా పిన్ని, అదే మీ అమ్మ, ఊరంతా చెప్పింది. మా ఇంటికి మాత్రం రెండుసార్లు వచ్చి చెప్పింది, మొదటిసారి నాకు వినబడలేదేమోనని.

ఎవరో పైకి రాశారన్నావు. ఎవరో నాకు తెలియదు. పదకొండేళ్ల నుంచి ఆయుధపూజ చేయిస్తున్నది నేను. అంతకుముందు ఆ ప్లాంటులో ఏ పూజా లేదు. బాయిలరు మూత ఎగిరి ఆదెయ్య చెయ్యి కాలినాక, ఆడవాళ్లు లోపలికి రావడానికి భయపడితే, బూడిద గుమ్మడికాయ నేనే మోసుకొచ్చి శీతల గది ముందు కొట్టించాను. అప్పటి నుంచీ ఏటా కాయ నేనే తెస్తున్నాను. కత్తులకూ గంబూట్లకూ బొట్లు పెట్టేది నేనే. ఇదంతా నీకు తెలుసు. నాలుగేళ్లు నా పక్కన నిలబడి పసుపు కలిపినదానివి.

ఇప్పుడు నేను బల్ల దగ్గర లేను. ఏడాదిగా చేతుల తనిఖీలో వేశారు. పొద్దున ఆరింటికి లోపలికి పోయే ప్రతి ఆడమనిషి చేతులూ తిప్పి చూసి పంపాలి. గోరు పెరిగినా, గాయమున్నా, గాజు కనిపించినా వెనక్కి పంపడమే. నూట ఎనభై జతల చేతులు. ముఖం చూడకుండా చెయ్యి చూసి పేరు చెప్పగలను.

డిగ్రీ ఉన్నదానివి. నా సాయం నీకెందుకులే. అయినా అడిగావు కాబట్టి, వచ్చినప్పుడు చెబుతాను.

గురవమ్మ


సూళ్లూరుపేట,
ఆగస్టు 4

గురవక్కకు,

పోయిన వారం మూడు రోజులు ప్లాంటులో ఉన్నాను. నువ్వు మధ్యాహ్నం షిఫ్టుకు మారావని తెలిసింది. అందుకే కలవలేదనుకుంటాను.

భోజనాల షెడ్డులో ఒక్కొక్క జట్టుతో కూర్చున్నాను. ఏ పండగ కావాలని ఎవరినీ అడగలేదు. పోయినేడు పూజ రోజు మీరెక్కడున్నారని మాత్రం అడిగాను. ఒడిశా పిల్లలు హాస్టల్లో బట్టలు ఉతుక్కున్నారట. ఖాజాబీ, ఇంకో నలుగురు సైకిల్ స్టాండు దగ్గర టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారట. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. అక్కా, ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. “పూజ మానమని మేమెందుకంటాం? మమ్మల్నీ పిలిచి ఒక కుర్చీ ఏసుంటే చాలు. లోపల డప్పు మోగతా ఉండాది, బయట మేము ఎండలో నిలబడుండాం. అది పండగా?”

ఇంకో సంగతి. ఈ ఏడు ఆయుధపూజ వద్దని మేనేజ్‌మెంటు వాళ్లు చెప్పేశారు. దాని బదులు సెప్టెంబరు 27, శనివారం మధ్యాహ్నం అందరికీ ఒకే కార్యక్రమం. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నా చేతిలో ఏమీ లేదు.

రోజా


జువ్వలదిన్నె,
ఆగస్టు 12

రోజారమణికి,

పూజ తీసేశారన్న మాట నీ ఉత్తరం కంటే ముందే తెలిసింది. క్యాంటీన్‌లో పెరుగు వడ్డించే సుబ్బు చెప్పాడు. “గురవక్కా, ఈసారి నీ గుమ్మడికాయి పులుసులోకేనంట కదా” అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఖాజాబీ, నేను పదమూడేళ్లు ఒకే బల్ల మీద ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమె పెద్దకూతురి నిఖాకు నేను రెండు రోజులు సెలవు పెట్టి పోయాను. ఎండలో నిలబడ్డామన్న మాట ఏడాదిలో నాకు ఒక్కసారీ చెప్పలేదు. అరగంట కూర్చున్న నీకు చెప్పింది. నీ మెడలో వేలాడే ఆ కార్డును చూసి చెప్పిందో, నీ మాట తీపికి చెప్పిందో నాకు తెలియదు. అడిగాను. “నువ్వు పూజ హడావిడిలో ఉంటివి, నీకెట్టా చెప్పేది?” అంది.

ఇప్పుడు షెడ్డులో అందరి నోటా రోజా మేడమే. రోజా మేడం రాసుకుంది, రోజా మేడం అడిగింది. మేడం అన్న మాట విన్నప్పుడల్లా, మొదటి రోజు రొయ్య ముల్లు గుచ్చుకుని ఏడ్చిన పిల్ల గుర్తొస్తుంది. ఆ ముల్లు తీసింది నేనని ఎవరికీ చెప్పలేదులే.

మధ్యాహ్నం షిఫ్టుకు నేను కావాలనే మారాను. నీ వల్లేనని అనుకుంటే అనుకో.

గురవమ్మ


సూళ్లూరుపేట,
సెప్టెంబరు 6

గురవక్కకు,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. మూడు సార్లు మొదలుపెట్టి చించేశాను. కోపం సంగతి పక్కన పెట్టి పని సంగతి రాస్తున్నాను.

నెల రోజులు వెతికితే ఒకటి దొరికింది. గోరింటాకు. మన ఆడవాళ్లు ఆషాఢంలో పెట్టుకుంటారు. ఖాజాబీ వాళ్లు రంజాను ముందు రోజు పెట్టుకుంటారు. చర్చి వాళ్లు పెళ్లిళ్లకు పెట్టుకుంటారు. ఒడిశా పిల్లలు కాళ్లకు పారాణి పెట్టుకునేవాళ్లే అయినా చేతులకూ మోజు పడతారు. హాస్టల్లో మమత అనే పిల్ల నోట్‌బుక్కు నిండా చేతుల బొమ్మలు గీసి చూపించింది. దీనికి దేవుడితో పనిలేదు. ఎవరి చెయ్యి ఇంకొకరి ఒళ్లో పెట్టుకోవాల్సిందే. ఒకరి బల్ల వాళ్లు ఇంకో బల్ల వాళ్లకు పెట్టాలి, అదొక్కటే నియమం.

శనివారం రెండింటికి షిఫ్టు అయిపోయాక భోజనాల షెడ్డులో మొదలుపెడతాం. ఆకు నూరింది పది గిన్నెలు, కోన్లు రెండు వందలు. చేతులు ఆరేదాకా ఒకరి నోట్లో ఒకరు పెట్టుకునేలా చిన్న లడ్డూలు, బిస్కెట్లు. ఒడిశా పిల్లలు వాళ్ల పిండివంట చేస్తామన్నారు. ఆదివారం సెలవు, సోమవారం పొద్దున ఎప్పట్లాగే పని.

విజయభాస్కర్ గారు సంతకం పెట్టారు. ఆయన ఆ కాగితం చదివారని నేను అనుకోను. అందుకే నిన్ను అడుగుతున్నాను. పనిలోకి వచ్చే చేతుల గురించి నీకంటే తెలిసినవాళ్లు లేరు. నేను ప్లాంటు వదిలి మూడేళ్లయింది. ఈ పథకంలో ఎక్కడైనా తప్పుంటే చెప్పక్కా. నామీద కోపముంటే వేరేగా తిట్టు. దీనికి మాత్రం నిజంగా జవాబు రాయి.

రోజా


జువ్వలదిన్నె,
సెప్టెంబరు 15

రోజారమణికి,

చదివాను. బాగుంది. తప్పేమీ కనిపించలేదు.

మా ఇంటి వెనక గోరింట చెట్టు గుబురుగా ఉంది. ఆకు కావాలంటే రెండు బస్తాలు కోసి పంపుతాను. బజారులో కొనేదాని కంటే ఇది బాగా పండుతుంది. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గలేదు. హార్బరులో కొత్తగా మూడు పెద్ద బోట్లు దిగాయి, అందులో ఒకటి చిన్నపోలయ్య మామ కొడుకుది. తనిఖీ గదిలో పని ఎక్కువైంది, నన్ను మళ్లీ పొద్దున షిఫ్టుకే వేశారు. 29న కొత్త కొనుగోలుదారు మనుషులు ప్లాంటు చూడటానికి వస్తారట. రోజుకొక కాగితం గోడకు అంటిస్తున్నారు.

అందరూ శనివారం కోసం ఎదురుచూస్తున్నారు. నీకు మంచి పేరే వస్తుంది.

గురవమ్మ


సూళ్లూరుపేట,
సెప్టెంబరు 30

అక్కా,

నిన్న ఏం జరిగిందో నీకు తెలుసు. తలుపు దగ్గర ఉన్నది నువ్వే. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను. తప్పుంటే దిద్దు.

సోమవారం పొద్దున ఆరు నుంచి ఏడు లోపల అరవై నాలుగు మందిని నువ్వు వెనక్కి పంపావు. మిగతావాళ్లు రొయ్యలను ముట్టుకోని పనుల్లో ఉన్నారు కాబట్టి బతికారు. కారణం, చేతులకు ఎర్ర రంగు. రంగులో తెగిన గాయం కనిపించదని, గ్లౌజు చిరిగితే రంగు సరుకుకు అంటుతుందని కొత్త నియమం. ఆ కాగితం ఆగస్టు 22న వచ్చింది. అందినట్టు కింద నీ సంతకముంది, విజయభాస్కర్ గారు ఫోటో పంపారు. చూడటానికి వచ్చినవాళ్లు ఖాళీ బల్లలు చూసి, ఒక గంట ఉండి వెళ్లిపోయారు. రెండు లారీల రొయ్యలు వేరే ప్లాంటుకు తిప్పారు. రంగు పోయేదాకా, అంటే పది పన్నెండు రోజులు, ఆ అరవై నాలుగు మందికీ పని లేదు. మమత బ్లీచింగ్ నీళ్లలో అరగంట చేతులు పెట్టుకుని కూర్చుంది. రెండు అరచేతులూ పొక్కిపోయాయి, నెల్లూరు ఆసుపత్రిలో ఉంది.

ఆ కాగితంలో ఆరు నియమాలున్నాయి. గురువారం భోజనాల వేళ నువ్వు ఆడవాళ్లకు చదివి వినిపించావట. గోళ్లు, గాజులు, ముక్కుపుడక, పూలు, అత్తరు. ఐదే చదివావట. వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పింది ఖాజాబీ.

శనివారం సంగతి కూడా రాస్తాను. నీకు చెప్పకుండా నేనొకటి అనుకున్నాను. మొదటి గోరింటాకు నీ చేతికి పెట్టాలని. ఖాజాబీ పెట్టాలని. ఆమె కోను పట్టుకుని నీ ముందుకొచ్చి కూర్చుంది. అందరూ చూస్తున్నారు. నువ్వు రెండు చేతులూ కొంగులో దాచుకుని, చలిజ్వరంగా ఉంది, నాకొద్దు అన్నావు. ఖాజాబీ లేచిపోయి మమత చేతికి పెట్టింది. జ్వరమేమో అనుకుని నేను నీకు మాత్ర కూడా తెప్పించాను. నువ్వు వేసుకున్నావు.

ఆ షెడ్డులో తెల్లచేతులు నీ ఒక్కదానివే.

అక్టోబరు 15న నన్ను సంజాయిషీ అడుగుతారు.

రోజారమణి


జువ్వలదిన్నె,
అక్టోబరు 4

రోజారమణికి,

నువ్వు ఆఫీసరువి. నియమాలు తెలుసుకోవాల్సింది నువ్వు. ఆ కాగితం ఆఫీసులో కూడా ఉంది. నీ ఆఫీసుకూ నా గోడకూ మధ్య ఎవరు మరిచిపోయారో పోయి వాళ్లను అడుగు. తలుపు దగ్గర కూర్చునే పదో తరగతి మనిషిని అడగడం సులువు.

నేను చేసింది నా డ్యూటీ. రంగు ఉంటే పంపకూడదన్నారు, పంపలేదు. పంపి ఉంటే నా ఉద్యోగం పోయేది.

ఇంతదాకా వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. వెల్ఫేర్ పోస్టుకు నేను కూడా దరఖాస్తు పెట్టాను. మీ అమ్మకు చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నెల తర్వాత పిలిచి, డిగ్రీ కావాలమ్మా అని మర్యాదగానే చెప్పి పంపించారు. ఎవరికి వచ్చిందని అడిగితే మీ ఊరి అమ్మాయే అన్నారు. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ మా అరుగు మీద మిఠాయి పొట్లంతో కూర్చుని ఉంది.

ఇంకేమీ లేదు.

గురవమ్మ


సూళ్లూరుపేట,
అక్టోబరు 8

గురవక్కకు,

నీ సెప్టెంబరు 15 ఉత్తరం నా ముందుంది. “తప్పేమీ కనిపించలేదు” అని నీ చేతిరాతతో ఉంది. నేను అడిగిన ఉత్తరం నీ దగ్గర ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే సంజాయిషీ రాయాల్సిన పని నాకు లేదు. నాలుగు రోజులుగా ఈ కాగితాన్ని సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పోతున్నాను. సాయంత్రం తిరిగి తెచ్చుకుంటున్నాను. చూపిస్తానో లేదో నాకే తెలియదు.

చూపించకపోతే అది మంచితనమని అనుకోవద్దు. నేను దాచింది కూడా ఒకటుంది. అది బయటికొస్తుందన్న భయం.

ఆయుధపూజ తీసేయమని మేనేజ్‌మెంటు అనలేదు. వాళ్లు అన్నది, పూజ ఉండనీయండి, అందరినీ కూర్చోబెట్టండి అని. ఖాజాబీ అన్నదీ అదే. ఆ మాట నీకు రాశాను కూడా, నువ్వు గమనించలేదు. తీసేసింది నేను. ప్రణాళిక రాసేటప్పుడు గుమ్మడికాయ దగ్గరికొచ్చి కలం ఆగింది. అది ఉంటే ఆ రోజు మళ్లీ గురవక్క రోజే అవుతుంది. నేనెంత తిరిగినా, ఎంత రాసినా, చివరికి ఆడవాళ్లు నీ చుట్టూ మూగుతారు. నాలుగేళ్లు పసుపు కలిపినప్పుడు ఒక్కరూ నా పేరు అడగలేదు. గురవక్క చెల్లెలు అనేవాళ్లు. ఆ వాక్యం కొట్టేసి, పైవాళ్లు వద్దన్నారని నీకు రాశాను.

తర్వాత మనసు కుదురుగా లేదు. మొదటి గోరింటాకు నీకు పెట్టించాలనుకున్నది అందుకే. ఒక తప్పును చిన్న మర్యాదతో కప్పేద్దామనుకున్నాను.

నూట ఎనభై మందిని ఒక దగ్గర కూర్చోబెట్టమంటే నూట డెబ్భై తొమ్మిది మందిని కూర్చోబెట్టాను.

అయినా అక్కా, నా మీద పగతో ఆ అరవై నాలుగు మందిని వాడుకున్నావు. మమత నీకేం చేసింది?

రోజా


జువ్వలదిన్నె,
అక్టోబరు 13

రోజాకు,

ఇది రేపటి బండి దాకా ఆగేది కాదు. రమణయ్యను ఈ ఒక్కరోజు ప్రత్యేకంగా అడిగాను. 15వ తేదీ లోపల నీ చేతికి అందాలి.

శనివారం నెల్లూరు పోయాను. మమత చేతులకు గుడ్డ చుట్టి ఉంది. స్పూనుతో వాళ్ల అక్క అన్నం పెడుతోంది. నన్ను చూసి లేచి కూర్చుంది. నన్ను కోప్పడుతుందనుకుంటే, “చేతులు ఎప్పుడు చూస్తావు, ఎప్పుడు లోపలికి పంపుతావు?” అని అడిగింది. నన్ను ఉత్త తలుపు మనిషనే అనుకుంటోంది. ఆ పిల్లకు తెలుగు కొంచెమే వచ్చు. నేను చేసింది చెబితే అర్థమవుతుందో లేదో తెలియలేదు. అయినా చెప్పాను. వాళ్ల అక్కకు అర్థమైంది. స్పూను గిన్నెలో పెట్టి, బయటికి పొమ్మని తలుపు చూపించింది. వచ్చేశాను.

ఈ రోజు పొద్దున విజయభాస్కర్ గారి గదికి పోయాను. నోటితో చెబితే రాతపూర్వకంగా కావాలన్నారు. ఆయన ముందే కూర్చుని రాశాను. ఏం రాశానో నీకూ తెలియాలి.

“చేతులకు రంగు ఉండరాదన్న నియమం ఆగస్టు 22న నాకు అందింది. సెప్టెంబరు 6న రోజారమణి ప్రణాళికలో తప్పుంటే చెప్పమని నన్ను లిఖితంగా అడిగింది. తెలిసి కూడా తప్పు లేదని జవాబు రాశాను. 25న ఆడవాళ్లకు నియమాలు చదివేటప్పుడు దీన్ని కావాలనే వదిలేశాను.”

కావాలనే అన్న మాట దగ్గర ఆయన ఆగి, మరిచిపోయి అని రాస్తే సరిపోతుంది కదమ్మా, పద్నాలుగేళ్ల మంచిపేరు ఉంది, అన్నారు. మార్చలేదు. నువ్వు రాసిన ఉత్తరం కూడా ఇచ్చేశాను. నా ఉత్తరం నువ్వు చూపిస్తావా లేదా అని ఇక నీకు ఆలోచన అక్కర్లేదు.

తలుపు నుంచి తీసేశారు. ఉద్యోగం నుంచి తీయలేదు, మళ్లీ ఒలిచే బల్లకే వేశారు. తనిఖీకి బిందు అనే కొత్త పిల్ల వచ్చింది. భోజనాల వేళ ఆడవాళ్లందరి ముందూ నేనే నిలబడి చెప్పాను. ఆరో నియమం కూడా చదివాను. మన ఊరివాళ్లే ముందు లేచిపోయారు. ఖాజాబీ ఒక్కతే కూర్చుని నా వైపు చూసి, “జరం మాత్ర కూడా మింగితివి గదమ్మే” అంది.

పూజ తీసేసింది నువ్వేనన్న ఉత్తరం గురించి. అది మేనేజరుకు చూపించలేదు. ఆయన అడిగిన దాంట్లో అది లేదు. చెప్పాలో లేదో అది నీ లెక్క. నాకేమనిపించిందో మాత్రం రాస్తాను. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. రెండోసారి చదివినప్పుడు సంతోషమేసింది. కార్డు వేసుకుని, ఆఫీసులో కూర్చుని కూడా నన్ను చూసి కుళ్లుకుంటున్నావని. ఆ సంతోషం ఒక పూట ఉంది. ఇది రాయాల్సిన మాట కాదు గానీ, నీతో ఇక దాచేది పెట్టుకోదలుచుకోలేదు.

నీ మీద అసూయ పోలేదు. పోతుందని చెప్పి మరో అబద్ధం రాయలేను.

గురవమ్మ


సూళ్లూరుపేట,
నవంబరు 17

గురవక్కకు,

15న సంజాయిషీ ఇచ్చాను. పూజను తీసేసింది నేనేనని అందులో రాశాను. విజయభాస్కర్ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, మీ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లా అని అడిగారు. అక్కచెల్లెళ్ల పిల్లలమని చెప్పాను. నా గడువు మరో ఆరు నెలలు పొడిగించారు. ఉద్యోగం పోలేదు, ఖాయమూ కాలేదు.

పని పోయిన రోజులకు ఆ అరవై నాలుగు మందికీ హాజరు వేయించడానికి నెల పట్టింది. మమత తిరిగి వచ్చింది. ప్రస్తుతం పెట్టెల మీద చీటీలు అంటించే పనిలో ఉంది.

ఇకనుంచి ఏ పండగైనా నేనొక్కదాన్నే రాయకూడదని తేలింది. ఏడుగురితో కమిటీ. ఒలిచే బల్లల తరఫున ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని ఆడవాళ్లే ఎన్నుకోవాలన్నాను. మొన్న గురువారం చీటీలు వేశారు. నువ్వు ఆ రోజు రాలేదు. మన ఊరివాళ్లు నీకు వేయరని అనుకున్నాను, నిజంగానే చాలామంది వేయలేదు. నీకు నలభై ఒకటి, గూడూరు నుంచి వచ్చేవాళ్ల బల్ల మనిషికి ముప్పై ఎనిమిది.

ఎందుకిలా వేశారని ఖాజాబీని అడిగాను. నీకు వేయమని బల్ల బల్లకూ తిరిగింది ఆమేనట. “మమ్మల్ని ముంచినామె కాబట్టే కావాల. ఏ రూలు యాడుండాదో ఆమెకు తెలుసు. ఈసారి నోరు మూసుకున్నాదంటే, ఎదురుగా కూర్చోనుండేది నేనే” అంది.

నాకు ఇష్టం లేదు. నీ పేరు చదివినప్పుడు షెడ్డులో చప్పట్లు కొట్టారు. నా పేరు చదివినప్పుడు అంతమంది కొట్టలేదు. అది కూడా లెక్కపెట్టాను.

మొదటి సమావేశం డిసెంబరు 2, మంగళవారం, పదకొండింటికి, భోజనాల షెడ్డులో. మొదటి విషయం వచ్చే ఏడు ఆయుధపూజ. కుర్చీలు ఎవరు వేయాలి, ఎవరిని ఎవరు పిలవాలి. రెండో విషయం తనిఖీ గది నియమాలు, ఆరూ చదివి వినిపించడం. అది నీ పేరు మీద రాశాను.

కార్యదర్శి సంతకం నాదే ఉంటుంది. నీ సంతకానికి కింద చోటు వదిలాను.

రోజారమణి